కుండీలో కాక్టస్ ముడుచుకుపోతే: దాహమా, వేరుకుళ్లా?

క్లుప్తంగా: కుండీలో పెరిగే కాక్టస్ ముడతలు పడటానికి నీటి కొరత కారణం కావచ్చు, నీరు ఎక్కువై వేర్లు కుళ్లడమూ కారణం కావచ్చు. పైకి రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి కాండాన్ని చూసి వైద్యం మొదలుపెడితే ప్రమాదం. వేరును చూశాకే నిర్ణయించాలి. గోధుమరంగు మచ్చలు, సన్నబడిన కొన, తెల్లటి దూది వంటి మిగతా గుర్తుల విషయంలో అవి మొక్క మీద ఎక్కడ మొదలయ్యాయో గమనిస్తే కారణం చాలావరకు తేలిపోతుంది.

ముడుచుకుపోయిన మొక్కను చూడగానే చేయి నీళ్ల చెంబు వైపు వెళుతుంది. ఆకులున్న మొక్కల దగ్గర ఆ అలవాటు మేలే చేస్తుంది. కాక్టస్ దగ్గర మాత్రం అదే చాలాసార్లు మొక్కను చంపుతుంది. వేర్లు కుళ్లిపోయిన కాక్టస్ చుట్టూ తడి ఉన్నా ఒక్క చుక్క కూడా పీల్చుకోలేదు. కాండంలో దాచుకున్న నీటినే ఖర్చు చేసుకుంటూ ముడుచుకుపోతుంది. చూసేవారికి అది దాహంలాగే కనిపిస్తుంది. మళ్లీ నీళ్లు పోస్తారు, మిగిలిన వేర్లు కూడా పోతాయి. నెలల తరబడి బాగానే ఉన్న మొక్క వారంలో కూలిపోయిందని చాలామంది అనుకునేది ఇలాంటి సందర్భాల్లోనే. నిజానికి అది కూలడం వారాల ముందే, మట్టి లోపల మొదలైంది.

ఆలస్యంగా బయటపడే కష్టం

కాక్టస్‌కు కాండమే ఆకు పని చేస్తుంది, కాండమే నీటి గోలెం. ఆకులు ముళ్లుగా మారిపోయాయి. కాండం మీద నిలువుగా ఉండే గట్లు నీరున్నప్పుడు ఉబ్బుతాయి, లేనప్పుడు హార్మోనియం తిత్తిలా దగ్గరకు ముడుచుకుంటాయి. అంటే కొంత ముడుచుకోవడం జబ్బు కానే కాదు. మొక్క మామూలుగా చేసుకునే సర్దుబాటే అది.

నీటిని ఖర్చు చేసే తీరు కూడా భిన్నమే. చాలా మొక్కలు పగటిపూట పత్రరంధ్రాలు తెరిచి బొగ్గుపులుసు వాయువును తీసుకుంటాయి, ఆ దారినే నీటి ఆవిరిని పోగొట్టుకుంటాయి. కాక్టస్ ఆ రంధ్రాలను రాత్రి తెరుస్తుంది. చల్లని వేళలో వాయువును లోపలికి తీసుకుని మాలిక్ ఆమ్లం రూపంలో నిల్వ చేస్తుంది. తెల్లవారాక తలుపులు మూసుకుని, ఆ నిల్వతో ఎండలో ఆహారం తయారు చేసుకుంటుంది. నీరు బాగా ఆదా అవుతుంది, ఎదుగుదల మాత్రం నెమ్మదిస్తుంది.

కుండీ నిర్వహణకు దీని నుంచి రెండు విషయాలు తేలుతాయి. ఒకటి, కాక్టస్ మట్టిలోని తడిని త్వరగా తాగేయదు. ఒకే కొలత కుండీల్లో ఒక బంతి మొక్క, ఒక కాక్టస్ ఉంటే బంతి తన ఆకుల ద్వారా రెండు మూడు రోజుల్లో మట్టిని ఆరబెడుతుంది. కాక్టస్ కుండీ చాలావరకు గాలికి తనంతట తాను ఆరాల్సిందే. రెండోది, లోపల నిల్వ ఉన్నంతకాలం కాక్టస్ పైకి ఏ కష్టమూ చూపించదు. ఇవాళ కనిపించే ముడత వారాల కిందటి సంగతి చెబుతోందన్నమాట.

ముడతను చదవడం

దాహంతో ఉన్న కాక్టస్ అన్ని వైపులా సమానంగా తగ్గుతుంది. గట్లు పదునుగా కనిపిస్తాయి, ఆకుపచ్చదనం కాస్త మందగిస్తుంది, కానీ మొదలు గట్టిగానే ఉంటుంది. కుండీ ఎత్తితే దూదిలా తేలిగ్గా ఉంటుంది. అడుగుదాకా గుచ్చిన పుల్ల పొడిగా బయటికి వస్తుంది. అలాంటి మొక్కకు అడుగు రంధ్రం నుంచి కారేదాకా నీళ్లు పోస్తే కొద్ది రోజుల్లో, ఎక్కువలో ఎక్కువ వారం పది రోజుల్లో మళ్లీ నిండుకుంటుంది.

కుళ్లు మొదలైన మొక్కలో మార్పు ఒకవైపు నుంచి, ఎక్కువగా మట్టిని ఆనుకున్న చోటు నుంచి వస్తుంది. అక్కడ చర్మం పసుపు, గోధుమ లేదా నలుపు రంగుకు తిరుగుతుంది, నీరు పట్టినట్టు పారదర్శకంగా కనిపిస్తుంది, వేలితో నొక్కితే లోపలికి పోతుంది. కొన్నిసార్లు దుర్వాసన ఉంటుంది. మొక్క ఒక పక్కకు ఒరుగుతుంది. మెల్లగా కదిపితే పట్టు లేనట్టు ఊగుతుంది.

మూడో స్థితి ఒకటుంది, ఎక్కువమందిని తికమక పెట్టేది అదే. మొదలు గట్టిగా ఉంటుంది, మట్టి పొడిగా ఉంటుంది, నీళ్లు పోసినా ముడత తీరదు. అంటే ఎప్పుడో కుళ్లి ఎండిపోవడం వల్లనో, సుదీర్ఘమైన కరవు వల్లనో సన్నని పీచువేర్లన్నీ చచ్చిపోయాయి. నోరు లేని మొక్కకు తిండి పెట్టినట్టే అవుతుంది. అందువల్ల ఒక నియమం గట్టిగా పట్టుకోవచ్చు. ముడతలు పడినా మొదలు గట్టిగా, మట్టి పొడిగా ఉన్న కాక్టస్‌కు ఒకసారి నిండుగా నీళ్లు పోసి, పది రోజుల్లో నిండుకోకపోతే రెండోసారి పోయకూడదు. కుండీలోంచి తీసి చూడాలి.

వేరు చెప్పే సాక్ష్యం

కుండీలోంచి తీయడానికి చాలామంది జంకుతారు. మొక్కకు దెబ్బ తగులుతుందని వారి భయం. పొడి మట్టిలోంచి జాగ్రత్తగా తీసిన కాక్టస్‌కు పెద్దగా నష్టం ఉండదు, తీయకుండా ఊహించడమే ఎక్కువ నష్టం. పాత వార్తాపత్రికను నాలుగు మడతలు పెట్టి నడికట్టులా మొక్క చుట్టూ తిప్పి, రెండు కొసలూ కలిపి పట్టుకుంటే ముళ్లు గుచ్చుకోవు. కుండీని పక్కకు వంచి చుట్టూ తట్టితే మట్టి ముద్ద సడలుతుంది.

ఇప్పుడు వేళ్లతో మట్టిని రాల్చి ఒక వేరును పట్టుకుని మెల్లగా లాగాలి. బతికున్న వేరు తెల్లగానో లేత గోధుమరంగులోనో ఉంటుంది, వంచితే సాగుతుంది, లాగితే తట్టుకుంటుంది. చచ్చిన వేరు ముదురు గోధుమరంగులో మెత్తగా ఉంటుంది. లాగగానే పైపొర ఒరలా జారి చేతికి వస్తుంది, లోపల సన్నని దారం ఒక్కటే మిగులుతుంది. ఈ ఒర జారడం ఒక్కటి చూస్తే చాలు, వేరుకుళ్లు గురించి ఇక వాదన అక్కర్లేదు. వేర్ల మీద, కుండీ లోపలి గోడ మీద పిండి చల్లినట్టు తెల్లటి మైనపు పొర కనిపిస్తే అది వేరు పిండినల్లి. పైన ఒక్క పురుగూ కనిపించకుండానే మొక్కను నెలల తరబడి పీల్చేసే శత్రువు ఇదే.

కుళ్లు ఎలా మొదలవుతుందో తెలిస్తే నివారణ సులువవుతుంది. వేర్లకు కూడా ఆక్సిజన్ కావాలి. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో ఉండే గాలి నుంచి అవి దాన్ని తీసుకుంటాయి. ఆ ఖాళీలు నీటితో నిండితే ఆక్సిజన్ చేరే దారి మూసుకుపోతుంది, ఎందుకంటే అది గాలిలో కంటే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. ఊపిరాడక బలహీనపడిన వేరులోకి పిథియం, ఫైటోఫ్తోరా, ఫ్యుజేరియం వంటి కుళ్లు తెచ్చే సూక్ష్మజీవులు చొరబడతాయి. వీటిలో మొదటి రెండింటి బీజాలు నీటిపొరలో ఈదుతూ ఒక వేరు నుంచి మరో వేరుకు వెళ్లగలవు. తడి ఎక్కువసేపు నిలిచే కుండీలో అవి వేగంగా వ్యాపించేది అందుకే.

తప్పు నీటిదా, మట్టిదా?

వారానికి ఎన్నిసార్లు నీళ్లు పోయాలన్న ప్రశ్నకు సరైన జవాబు లేదు. ప్రశ్నలోనే లోపం ఉంది. నీరు పోయడం కంటే అది ఎంతసేపు నిలుస్తుందన్నదే అసలు సంగతి. ఒకే మోతాదు నీరు ఒక మిశ్రమంలో రెండు రోజుల్లో ఆరిపోతే మరో దానిలో మూడు వారాలు ఉంటుంది.

కొనేటప్పుడు కాక్టస్ సాధారణంగా పీట్ (చిత్తడి నేలల్లో నాచు కుళ్లి ఏర్పడే పదార్థం) లేదా కొబ్బరి పొట్టు ఎక్కువగా ఉన్న మిశ్రమంలో వస్తుంది. పెంపకందారుల షెడ్లలో ఉండే వెలుతురుకూ వేడికీ అది సరిపోతుంది. ఇంట్లో తక్కువ వెలుతురులో అదే మిశ్రమం స్పాంజిలా తడిని పట్టి ఉంచుతుంది. పీట్‌తో ఇంకో చిక్కూ ఉంది. అది పూర్తిగా ఎండిపోయాక నీటిని తోసేస్తుంది. పోసిన నీరు ముద్ద లోపలికి ఇంకకుండా కుండీ అంచుల వెంట జారి కిందకు కారిపోతుంది. పోసినవారికి నీళ్లు బాగా పట్టాయనిపిస్తుంది, లోపలి వేరు మాత్రం పొడిగానే ఉంటుంది. ఒకే మిశ్రమం ఒక నెల ముంచేసి, మరో నెల ఎండగట్టడం ఇలా జరుగుతుంది.

మిశ్రమంలో సగానికి పైగా 3 నుంచి 5 మిల్లీమీటర్ల గరుకు రేణువులు ఉంటే మంచిది. ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి), పెర్లైట్ (వేడికి ఉబ్బిన తెల్లటి ఖనిజ రేణువులు), ఇటుక ముక్కలు, గరుకు గ్రానైట్ రవ్వ ఏదైనా ఫరవాలేదు, ముందు జల్లించి దుమ్ము తీసేయాలి. సన్నని ఇసుక మాత్రం మేలు చేయదు. అది రేణువుల మధ్య ఖాళీలను పూడ్చి గాలికి చోటు లేకుండా చేస్తుంది.

కుండీ అడుగున గులకరాళ్ల పొర వేస్తే నీరు బాగా దిగుతుందన్న నమ్మకం చాలా బలంగా ఉంది. జరిగేది అందుకు విరుద్ధం. సన్నని రేణువుల పొర తన కింద ఉన్న పెద్ద రాళ్ల ఖాళీల్లోకి నీటిని సులువుగా వదలదు. తాను పూర్తిగా తడిసి నిండాకే వదులుతుంది. దాంతో కుండీ అడుగున ఉండాల్సిన తడి పట్టీ రాళ్ల ఎత్తున పైకి, అంటే వేర్లకు ఇంకా దగ్గరగా జరుగుతుంది. అడుగున రంధ్రం, పైనుంచి కిందిదాకా ఒకే మిశ్రమం, ఈ రెండూ ఉంటే చాలు. కుండీ కూడా మొక్క కంటే రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పు ఎక్కువుంటే సరిపోతుంది. పెద్ద కుండీలో వేర్లు చేరని మట్టి ఎక్కువుంటుంది, ఆ మట్టి ఆరేదాకా వేర్లు తడిలోనే ఉండాలి.

అలంకారం కోసం మట్టి పైన గులకరాళ్లను జిగురుతో అతికించి అమ్మే మొక్కల విషయంలో ఇంటికి తెచ్చిన రోజే ఆ పెంకును ఊడదీయాలి. కింద మట్టి తడిగా ఉందో పొడిగా ఉందో అది కనబడనివ్వదు, గాలినీ ఆడనివ్వదు.

కత్తి పెట్టాల్సి వస్తే

కుళ్లు వేర్లకే పరిమితమైతే చచ్చిన వేర్లన్నీ కత్తిరించి, మిగిలిన భాగాన్ని నీడలో వారం రోజులు ఆరనిచ్చి, పొడి మిశ్రమంలో నాటితే మొక్క దక్కే అవకాశం బాగా ఉంటుంది. కాండంలోకి ఎక్కితే కోయక తప్పదు. మందు చల్లి కుళ్లిన కండను బాగు చేయడం సాధ్యం కాదు.

పదునైన కత్తిని ఆల్కహాల్‌తో తుడిచి, కుళ్లు కనిపించే చోటుకు కొంచెం పైన అడ్డంగా కోయాలి. కోసిన ముఖాన్ని వెలుతురులో పరిశీలించాలి. ఆరోగ్యంగా ఉన్న కండ లేత ఆకుపచ్చగానో తెల్లగానో, కోసిన దోసకాయలా తేటగా ఉంటుంది. మధ్యలో నీటిని మోసే నాళాల వలయం ఒకటి కనిపిస్తుంది. ఆ వలయం మీద గోధుమ లేదా నారింజ రంగు చుక్క ఒక్కటి ఉన్నా కుళ్లు ఇంకా పైకి పాకిందని అర్థం. కత్తిని మళ్లీ తుడిచి మరో సెంటీమీటరు పైన కోయాలి. ఈ తుడవడం దగ్గరే చాలామంది తొందరపడతారు, కుళ్లిన రసంతోనే మంచి భాగాన్ని కోసి జబ్బును తామే పైకి ఎక్కిస్తారు. ఒక్క మచ్చ కూడా లేని ముఖం వచ్చేదాకా కోస్తూ పోవాల్సిందే, మొక్క ఎంత చిన్నదైపోయినా సరే.

తర్వాత కోసిన అంచును పెన్సిల్ చెక్కినట్టు చుట్టూ కాస్త ఏటవాలుగా చెక్కాలి. కొత్త వేర్లు మధ్యలోని వలయం దగ్గర పుడతాయి. అంచు చెక్కకపోతే ఆరేటప్పుడు మధ్యభాగం లోపలికి గుంటపడి, పుట్టిన వేర్లు మట్టిని అందుకోలేవు. గంధకం పొడి అద్దవచ్చు, అద్దకపోయినా పొడి గాలి, నీడ ఉంటే గాయం మానుతుంది. సన్నని కాండానికి వారం చాలు. అరచేతి మందం ఉన్న కాండానికి చాలా వారాలు పట్టవచ్చు. గాయం మీద గట్టి పొర కట్టాక పొడి మిశ్రమం మీద నిలబెట్టి, వేర్లు వచ్చేదాకా నీళ్లు పోయకుండా ఉండాలి.

గుండ్రటి కాక్టస్‌లో కుళ్లు నడిమధ్య గుండా పైదాకా ఎక్కేస్తే ఆ కాండం దక్కదు. చుట్టూ పిలకలు ఉంటే, వాటి మొదలు శుభ్రంగా ఉంటే, వాటిని విడదీసి ఇదే పద్ధతిలో నాటుకోవచ్చు.

వెలుతురు ఎక్కువ తక్కువలు

వెలుతురు చాలని కాక్టస్ కొన దగ్గర సన్నగా, పాలిపోయి, సూదిలా పెరుగుతుంది. ముళ్లు బలహీనంగా, దూరదూరంగా వస్తాయి. బాగా పొడుగు పెరుగుతోందని సంతోషించే సందర్భాలు ఉంటాయి గానీ అది వెలుతురు కోసం పడే తంటా. గదిలో వెలుతురు విషయంలో మన కన్ను సాక్ష్యానికి పనికిరాదు. కనుపాప సర్దుకుంటుంది కాబట్టి గది మనకు కాంతివంతంగానే అనిపిస్తుంది. కొలిస్తే నడి ఎండలో సుమారు 1,00,000 లక్స్ (వెలుతురు కొలమానం) ఉంటే గది మధ్యలో కొన్ని వందలే ఉంటుంది. కిటికీ నుంచి రెండడుగులు లోపలికి జరిపినా మొక్కకు అందేది బాగా తగ్గిపోతుంది.

సన్నబడిన భాగం మళ్లీ లావెక్కదు. వెలుతురులోకి మార్చాక దాని పైన వచ్చే భాగమే సరైన లావుతో వస్తుంది, మధ్యలో నడుము సన్నగా ఉండిపోతుంది. ఆ భాగం బరువు మోయలేకపోతే కోసి తిరిగి నాటడమే మార్గం.

తప్పు తెలిసి ఒక్కసారిగా నడి ఎండలో పెట్టడం మరో తప్పు. నీడకు అలవాటైన చర్మం ఒకటి రెండు రోజుల్లోనే కాలిపోతుంది. రెండు నుంచి నాలుగు వారాల పాటు మొదట ఉదయపు ఎండ, తర్వాత కొద్దికొద్దిగా ఎక్కువ సమయం ఇస్తూ అలవాటు చేయాలి.

గోధుమరంగు మచ్చ ఎక్కడ మొదలైంది?

ఎండదెబ్బ ఎండ తగిలే వైపే ఉంటుంది. మొదట తెల్లగానో పసుపుగానో వెలిసి, తర్వాత గోధుమరంగు పెచ్చుగా గట్టిపడుతుంది. అది చెరగని మచ్చ, అయితే పాకదు. వయసు వల్ల వచ్చే బెరడు కాండం మొదలు దగ్గర, మట్టిని ఆనుకుని పుట్టి ఏళ్ల మీద చుట్టూ సమానంగా పైకి ఎక్కుతుంది. తాకితే చెక్కలా గట్టిగా ఉంటుంది. దానికి చికిత్స అక్కర్లేదు. ఈ బెరడును కుళ్లనుకుని మంచి మొక్కను కోసేయడం బాధాకరమైన పొరపాటు, వేలితో ఒక్కసారి నొక్కి చూస్తే తప్పిపోయేది.

మూడోది ఎర్రనల్లి. ఇది లేత చర్మాన్ని ఇష్టపడుతుంది కాబట్టి గోధుమరంగు కొన దగ్గర మొదలై కిందకు దిగుతుంది. తుప్పు దుమ్ము రాసినట్టు ఉంటుంది, ముళ్ల మధ్య సన్నని సాలెగూడు పోగులు కనిపించవచ్చు. తెల్ల కాగితం మీద మొక్కను తడితే రాలిన చుక్కల్లో కొన్ని కదులుతాయి. పొడి వేడి గాలిలో నల్లి విపరీతంగా పెరుగుతుంది. ధారగా నీటితో కడిగి, నల్లి మందును వారం పది రోజుల ఎడంలో రెండు మూడు సార్లు వాడాలి, గుడ్లు ఒక్కసారికి పోవు గనుక. మామూలు పురుగుమందులు నల్లి మీద చాలావరకు పనిచేయవు. ఎర్రనల్లి కీటకం కాదు, సాలెపురుగుల వర్గానికి చెందిన జీవి.

తెల్లటి దూది కనిపిస్తే పిండినల్లి అయ్యే అవకాశం ఎక్కువ. అయితే మామిల్లేరియా వంటి రకాలకు ముళ్ల మొదళ్లలో సహజంగానే నూగు ఉంటుంది. సహజమైన నూగు క్రమంగా, ఒకే తీరులో ఉంటుంది, పిండినల్లి అక్కడొకటి ఇక్కడొకటిగా జిగురుగా అంటుకుని ఉంటుంది. నాగజెముడు మీద ఆ దూదిని పుల్లతో నలిపితే చిక్కటి ఎర్ర రంగు రావచ్చు. అది కొచినీల్ పురుగు, కార్మైన్ రంగుకు మూలం ఆ వర్గమే. చిన్న దాడికి 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన కుంచె చాలు. సాయంత్రం వేళ అద్ది, వారానికోసారి కొన్నాళ్లు చేయాలి. వేప నూనె రాసిన మొక్కను ఎండలో పెడితే చర్మం కాలుతుంది.

అన్నీ ఎడారి కాక్టస్‌లు కావు

డిసెంబరు ప్రాంతంలో పూసే ష్లంబర్జెరా బ్రెజిల్ అడవుల్లో చెట్ల కొమ్మల మీద పెరిగే కాక్టస్. ఎడారి మొక్కలా నెలల తరబడి ఎండగడితే, నడి ఎండలో పెడితే అది వాడిపోతుంది. ఎర్రటి, పసుపు తలలతో అమ్మే అంటు కాక్టస్‌లో పైభాగానికి పత్రహరితం లేదు. అది కింది కాండం చేసిన ఆహారంతోనే బతుకుతుంది. కొన్నేళ్లకు పైభాగం క్షీణిస్తే పెంచినవారి తప్పు వెతకనక్కర్లేదు, కింది భాగం మాత్రం పెరుగుతూ ఉండవచ్చు. గీస్తే తెల్లని పాలు కారే ముళ్ల మొక్క చాలావరకు యుఫోర్బియా అయి ఉంటుంది, కాక్టస్ కాదు. కోసేటప్పుడు ఆ పాలు కంటిలో పడకుండా చూసుకోవాలి.

కోలుకున్నట్టు ఎప్పుడు తెలుస్తుంది?

తిరిగి నాటిన కాక్టస్‌ను రోజూ పీకి చూడటం వల్ల అప్పుడే పుట్టిన వేర్లు తెగిపోతాయి. నెల తర్వాత వేలితో మెల్లగా ఒక పక్కకు నెట్టి చూడాలి. మట్టి పట్టుకున్నట్టు ఎదురు బలం తెలిస్తే వేరు పట్టిందన్నమాట. అప్పుడు తొలి నీరు కొద్దిగా పోసి, మిశ్రమం పూర్తిగా ఆరాక రెండో నీరు పోయాలి. చలికాలంలో రాత్రులు 10 డిగ్రీల కంటే కిందకు దిగే చోట మొక్క దాదాపు నిద్రలో ఉంటుంది కాబట్టి వసంతం దాకా ఆగడం మేలు.

మచ్చలు, పెచ్చులు, సన్నని నడుము మొక్క ఉన్నంతకాలం ఉంటాయి. వాటిని చూస్తూ ఇంకా బాగుపడలేదని మందులు మార్చడం వృథా. చూడాల్సిన చోటు ఒక్కటే, కొన. అక్కడ పాత ముళ్ల కంటే మెరుపైన రంగులో కొత్త ముళ్లు తోసుకొస్తే, వాటి చుట్టూ లేత ఆకుపచ్చ చర్మం విచ్చుకుంటే, కింద వేర్లు పని మొదలుపెట్టాయి.